రాత్రిపూట మాత్రమే ట్రిప్పయ్యే కంప్రెసర్: రిమోట్ కండెన్సర్ చిల్లర్‌కు పైపులు మళ్లీ వేసిన కేసు

"పగలంతా మంచిగనే నడుస్తది సార్. రాత్రి ఒంటిగంట దాటిందంటే మొదలైతది."

చర్లపల్లిలో ఒక ప్లాస్టిక్ మోల్డింగ్ ఫ్యాక్టరీ మెయింటెనెన్స్ ఇన్‌ఛార్జి ఫోన్లో చెప్పిన మొదటి మాట ఇది. వింటుంటే మౌల్డులకు చల్లనీళ్లు ఇచ్చే చిల్లర్ గురించి కాదు, దయ్యం పట్టిన ఇంటి గురించి చెబుతున్నట్టుంది. ఏడు నెలల్లో ఒక కంప్రెసర్ పోయింది. దాని బదులు పెట్టిన కొత్తది కూడా వారానికి రెండు మూడుసార్లు ఆయిల్ ప్రెషర్ తగ్గి ట్రిప్పవుతోంది (తనంతట తాను ఆగిపోతోంది). కంప్రెసర్ ఇచ్చినవాళ్లు పైపులు వేసినవాళ్ల వైపు చూపించారు. పైపులు వేసినవాళ్లు ఓల్టేజీ వైపు చూపించారు. మధ్యలో ఫ్యాక్టరీవాళ్లు డబ్బా తరవాత డబ్బా ఆయిల్ పోస్తూ కూర్చున్నారు.

చిల్లర్ 40 టన్నులది (ఇక్కడ టన్ను బరువు కాదు, చల్లబరిచే సామర్థ్యానికి కొలత). రెండు సర్క్యూట్లు, ఒక్కోటి 20 టన్నులు. ఒక్కో సర్క్యూట్‌కు ఆరు సిలిండర్ల సెమీ హెర్మెటిక్ రెసిప్రోకేటింగ్ కంప్రెసర్ (పిస్టన్లతో గ్యాసును నొక్కేది), లోడు తగ్గితే 66 శాతానికి, ఆపైన 33 శాతానికి దిగే అన్‌లోడర్లు. గ్యాస్ ఆర్-134ఏ. కంప్రెసర్లు, నీళ్లు చల్లబడే చిల్లర్ బ్యారెల్ (ఎవాపొరేటర్) కింద ప్లాంట్ రూంలో ఒకే ఫ్రేము మీద ఉన్నాయి. గ్యాసులోని వేడిని గాలిలోకి వదిలే కండెన్సర్ మాత్రం నాలుగో అంతస్తు పైన టెర్రస్ మీద ఉంది. కాబట్టి బ్యారెల్ నుంచి కంప్రెసర్‌కు గ్యాసు తెచ్చే సక్షన్ లైను ఫ్యాక్టరీలో వేసి వచ్చిందే, దాంతో మనకు పని లేదు. సైట్లో వేసినవి రెండే రకాలు: కంప్రెసర్ నుంచి పైకి వెళ్లే డిశ్చార్జ్ లైను, పైనుంచి కిందికి వచ్చే లిక్విడ్ లైను.

ప్లాంట్ రూంకు మూడు వైపులా గోడలే, వేడి గాలి పోయే దారి లేదు. కూలింగ్ టవర్ పెడదామంటే ఆ ప్రాంతం బోరు నీళ్లతో కండెన్సర్ ట్యూబులకు ఏడాది తిరక్కుండానే గార పడుతుంది, ఎండాకాలంలో ఆ నీళ్లూ ట్యాంకరుతో కొనాల్సిందే. అందుకని రిమోట్ ఎయిర్ కూల్డ్ కండెన్సర్ తీసుకున్నారు. ఆ నిర్ణయం సరైనదేనని నా అభిప్రాయం. తేడా అంతా ఆ తరవాతి పనిలోనే జరిగింది.

రిజిస్టర్ చెప్పిన సంగతి

నేను వెళ్లగానే గేజీలు తగిలించలేదు. లాగ్ రిజిస్టర్ అడిగాను. మూడు నెలల పేజీలు తిరగేస్తే రెండు విషయాలు కనిపించాయి.

మొదటిది, ఆయిల్ ప్రెషర్ ట్రిప్పులన్నీ రాత్రి ఒంటిగంటకూ ఐదింటికీ మధ్యే ఉన్నాయి. రెండోది, అన్నీ ఒకటో సర్క్యూట్‌వే. రెండో సర్క్యూట్ కంప్రెసర్ అదే మోడలు, పోయిన పాతదానితో పాటు అదే రోజు బిగించినది. పైపు సైజూ, రూటూ, వేసినవాళ్లూ ఒకటే. దానికి మాత్రం అలాంటి ట్రిప్పు ఒక్కటి కూడా లేదు. అందుకే అందరూ "ఒకటో నంబరు మిషన్‌లోనే ఏదో లోపముంది" అనుకున్నారు.

నేను అడిగింది ఒక్కటే: రాత్రి ఎన్ని మోల్డింగ్ మిషన్లు నడుస్తాయి? పగలు పద్నాలుగు, రాత్రి షిఫ్టులో నాలుగు. కంట్రోలర్‌లో ఒకటో సర్క్యూట్ లీడు (ముందు నడిచేది), రెండోది లాగు (లోడు పెరిగితే తోడు వచ్చేది). అంటే రాత్రంతా ఒకటో నంబరు కంప్రెసర్ ఒంటరిగా, అదీ 33 శాతం మీద నడుస్తోంది. రెండో నంబరు పొద్దున ఎనిమిదింటికి లోడు పెరిగాక వస్తుంది, రాత్రి తొమ్మిదికి ఆగిపోతుంది. తక్కువ లోడు అంటే ఏమిటో దానికి తెలియనే తెలియదు.

దీంతో అనుమానం ఎటు పోవాలో తెలిసిపోయింది. డిశ్చార్జ్ రైజర్ (నిలువుగా పైకెక్కే పైపు) దగ్గరికి వెళ్లి టేపు పెట్టి చూశాను. కింది నుంచి పై దాకా 2-1/8 అంగుళాల రాగి పైపు. కంప్రెసర్ వాల్వు నుంచి పైపు నేరుగా పైకి లేచింది, నేల వైపు వంపు లేదు, రైజర్ అడుగున ట్రాప్ (ఆయిల్ చేరే వంపు) లేదు. కండెన్సర్ దగ్గర చెక్ వాల్వు (వెనక్కి రానివ్వని వాల్వు) కూడా లేదు.

కోసి చూస్తే

గ్యాసంతా రికవరీ సిలిండర్లలోకి తీసి, ఒకటో సర్క్యూట్ అడుగు ఎల్బో దగ్గర పైపు కట్టర్ పెట్టాం. ఈ పని నేనెప్పుడూ హాక్సాతో చేయనివ్వను. రంపం పొట్టు లోపల పడితే ఆఖరికి చేరేది కంప్రెసర్ వాల్వు ప్లేటు మీదికే. కట్టర్ చక్రం రాగిని సగం తెంపగానే సందులోంచి ఆయిల్ కారడం మొదలైంది. కింద పెట్టిన పెయింటు డబ్బా నిండింది, ఇంకో డబ్బా తెచ్చాం. అడ్డం లైనులో నిలిచినదంతా కలిపితే ఐదు లీటర్లకు కొంచెం తక్కువ. మా ఫిట్టర్ డబ్బాలోకి చూసి, "కంప్రెసర్‌లో ఉండాల్సిన ఆయిలంతా ఇడ్నే సంసారం పెట్టింది సార్" అన్నాడు.

మొదటి కంప్రెసర్ పోయినప్పుడు హెడ్డు విప్పి తీసిన ఫొటోలు మెయింటెనెన్స్‌వాళ్ల ఫోన్లో ఉన్నాయి. డిశ్చార్జ్ రీడ్లు (వాల్వులా పనిచేసే పల్చటి రేకులు) ముక్కలై ఉన్నాయి. కారణం ఇప్పుడు సూటిగా కనిపిస్తోంది. పైకెక్కలేకపోయిన ఆయిల్ మిషన్ ఆగిన ప్రతిసారీ అదే పైపులో వెనక్కి జారి సిలిండర్ హెడ్డులోకి చేరుతుంది. దానికి తోడు పగలు టెర్రస్ మీది కండెన్సర్ వేడిగా, కింది ప్లాంట్ రూం చల్లగా ఉంటాయి. ఆగిన సర్క్యూట్‌లో గ్యాసు వేడిచోటు నుంచి చల్లచోటుకు వచ్చి అక్కడ ద్రవమవుతుంది. చెక్ వాల్వు లేదు కనక దాన్ని ఆపేదేమీ లేదు. మళ్లీ స్టార్టయిన క్షణంలో పిస్టన్ ఆ ద్రవాన్ని నొక్కబోతుంది. ద్రవం నొక్కుకోదు, రీడే విరుగుతుంది.

లెక్క

ఇక్కడ కాస్త ఓపిక పట్టాలి, ఎందుకంటే కేసంతా ఈ లెక్కలోనే ఉంది.

ఒక సర్క్యూట్ 20 టన్నులు, అంటే సుమారు 70 కిలోవాట్లు. ఎవాపొరేటింగ్ (ద్రవం గ్యాసయ్యే ఉష్ణోగ్రత) 2 డిగ్రీలు, కండెన్సింగ్ (గ్యాసు మళ్లీ ద్రవమయ్యే ఉష్ణోగ్రత) 50 డిగ్రీలు, లిక్విడ్ 45 డిగ్రీల దగ్గర పెట్టుకుంటే ఆర్-134ఏ కేజీకి దాదాపు 140 కిలోజూళ్లు మోస్తుంది. 70ని 140తో భాగిస్తే సెకనుకు అర కేజీ. ఈ సంఖ్యను గోడ మీద రాసుకున్నాం, మిగిలినవన్నీ దీన్నుంచే వస్తాయి.

డిశ్చార్జ్ గ్యాస్ 70 డిగ్రీల దగ్గర ఘనమీటరుకు 57 కేజీలు తూగుతుంది. 2-1/8 పైపు లోపలి కొలత 50.4 మి.మీ. ఫుల్ లోడులో గ్యాస్ వేగం సెకనుకు 4.4 మీటర్లు. 33 శాతంలో 1.45 మీటర్లు.

ఇప్పుడు అసలు ప్రశ్న. రైజర్‌లో ఆయిల్ తనంతట తాను ఎక్కదు. పైపు లోపలి గోడకు పొరలా అంటుకుని ఉంటుంది, మధ్యలో పోయే గ్యాసే దాన్ని పైకి ఈడ్చుకుపోవాలి. ఆ ఈడ్చే బలం చాలాలంటే ఒక కనీస వేగం ఉండాలి. ఆ వేగం పైపు వ్యాసం వర్గమూలాన్ని బట్టి పెరుగుతుంది, అంటే లావు పైపుకు ఇంకా ఎక్కువ వేగం కావాలి. ఈ లెక్క ప్రకారం 2-1/8 పైపుకు కనీసం 2.0 మీటర్లు కావాలి. మనకున్నది 1.45. అక్కడే దొరికింది.

"రాత్రి చల్లగా ఉంటుంది కదా, అప్పుడు కండెన్సింగ్ తగ్గి లెక్క మారదా?" అని ఎవరైనా అడగొచ్చు. మారుతుంది. కండెన్సింగ్ 37 దగ్గరికి వస్తే గ్యాస్ పలచబడి అదే కేజీలకు వేగం కొంచెం పెరుగుతుంది. ఆ లెక్కా చేశాను. సెకనుకు 0.19 కేజీలు కావాల్సిన చోట 0.17 మాత్రమే ఉంది. అప్పుడూ చాలదు. కొద్దిలో చాలకపోవడమే ఎక్కువ ప్రమాదం, ఎందుకంటే ఆయిల్ ఒక్కసారిగా పోదు, రాత్రికి కొంచెం కొంచెంగా పోతుంది. ఆర్నెల్ల దాకా ఎవరికీ అనుమానం రాదు.

ఇక ఒక సైజు తగ్గించి 1-5/8 చూద్దాం. మా సైట్ భాషలో ఇంచీ ఐదు సూత్. లోపలి కొలత 38.2 మి.మీ. ఫుల్ లోడులో 7.6 మీటర్లు, 33 శాతంలో 2.5 మీటర్లు. కావాల్సిన కనీస వేగం 1.75. ఆయిల్ ఎక్కుతుంది, పైగా నలభై శాతానికి మించి మిగులు.

ఇందులో నాకు బాగా నచ్చే లెక్క ఒకటుంది. ఆయిల్ ఎక్కడానికి కావాల్సిన కనీస గ్యాసు, కేజీల్లో చూస్తే, వ్యాసానికి రెండున్నర ఘాతంతో పెరుగుతుంది. 1-5/8 నుంచి 2-1/8కి వెళ్తే వ్యాసం 1.32 రెట్లే, కానీ కనీస గ్యాసు సరిగ్గా రెట్టింపు. "సేఫ్టీకి ఒక్క సైజు పెంచాం" అన్న మాటకు అర్థం, కంప్రెసర్ దిగగలిగే లోడులో సగం వాడుకోకుండా చేశామని.

మరి ఒత్తిడి నష్టమో? దాన్నీ వదిలేయకూడదు. 1-5/8లో ఫుల్ లోడు దగ్గర మీటరుకు సుమారు 510 పాస్కల్స్ పోతుంది, 2-1/8లో 135. మొత్తం రూటు 46 మీటర్లు: కింద అడ్డం 14, నిలువు 15, పైన అడ్డం 17. ఎల్బోలు, వాల్వులు కలిపి లెక్కకు 65 మీటర్లనుకోవాలి. పైకెక్కిన తరవాత ఆయిల్‌తో తంటా లేదు, కండెన్సర్ వైపు వాలు ఇస్తే దానంతట అదే జారుతుంది. అందుకని కింది అడ్డం లైనూ రైజరూ 1-5/8కి మార్చి, పైన ఉన్న 2-1/8ని అలాగే ఉంచుదామని తేల్చాను. మొత్తం నష్టం 24 కిలోపాస్కల్స్, అంటే కండెన్సింగ్ ఉష్ణోగ్రతలో 0.7 డిగ్రీ. అంతా 2-1/8 అయితే 0.26 డిగ్రీ. తేడా అర డిగ్రీ కూడా లేదు. కంప్రెసర్ కరెంటులో ఒక శాతం పైచిలుకు, అదీ ఫుల్ లోడులోనే.

రైజర్‌లో వేగం కనీసం 5 మీటర్లు ఉండాలనే మొద్దు లెక్క ఒకటి మనవాళ్లలో చాలామంది వాడతారు. దాని ప్రకారం 33 శాతంలో 1-5/8 కూడా ఫెయిలే, 1-3/8 కూడా 3.6 దగ్గరే ఆగుతుంది, పైగా ఫుల్ లోడులో డిగ్రీన్నర మింగేస్తుంది. మొద్దు లెక్క తప్పని అనను. గ్యాసు, సైజు, సాంద్రత తెలియనప్పుడు అదే దిక్కు. తెలిసినప్పుడు మాత్రం కూర్చుని చేసుకోవాలి. రెండు పైపుల డబుల్ రైజర్ గురించి కూడా ఆలోచించాను. ఇదే మిషన్ 15 శాతానికి దిగేదైతే అదే వేసేవాణ్ణి. 33కి ఒక్క పైపే చాలుతున్నప్పుడు జాయింట్లు రెట్టింపు చేసుకోవడం నాకిష్టం లేదు.

యజమాని అడిగిన ప్రశ్న

యజమాని లెక్క అంతా విన్నారు. ఆయన అడిగింది అసలైన ప్రశ్న: "పైపు పెద్దగేస్తే గ్యాస్‌కు అడ్డు తగ్గుతది కదా, నష్టమేంది? రాత్రి 33కి దిగనీయకుండా ఆపుకుంటే సరిపోదా?"

రెండో సగానికి నా దగ్గర జవాబు సిద్ధంగా ఉంది, ఎందుకంటే పని జరిగిన రోజుల్లో చేసిందే అది. ఒకటో సర్క్యూట్ ఆపితే రాత్రి లోడు రెండోదాని మీద పడుతుంది, దానికీ అదే జబ్బు. అందుకని దాని 33 శాతం స్టెప్పును కట్ చేసి 66 వద్దే నడిపించాం. రాత్రి లోడు ఏడు టన్నులు, 66 శాతమంటే పదమూడు. మిగిలేది ఆరు టన్నులు. అక్కడ 5,000 లీటర్ల చల్లనీళ్ల ట్యాంకు ఉంది. 8 నుంచి 12 డిగ్రీల మధ్య తిరగనిస్తే కంప్రెసర్ గంట సేపు నడిచి, ఇంచుమించు గంట ఆగుతుంది. రెండు గంటలకు ఒక స్టార్టు, దానికేమీ భారం కాదు.

కానీ నాలుగు డిగ్రీలు ఊగే నీళ్లతో బకెట్లు చేయొచ్చు, సీసా మూతలు చేయలేరు. మూత కొలత చల్లబడే తీరును బట్టి మారుతుంది, బిగించే మిషన్ దగ్గర తిరస్కరిస్తారు. ఆ రాత్రుల్లో ప్రొడక్షన్‌వాళ్లు బకెట్ల మౌల్డులే ఎక్కించారు. ఏడాది పొడుగునా అలా కుదరదని యజమానే ఒప్పుకున్నారు. అయితే ట్యాంకు పెద్దదిగా ఉండి, నీళ్ల ఊపు ఇబ్బంది కాని చోట నేనూ పైపులు కోయమని చెప్పను. స్టెప్పు ఆపేసి వచ్చేస్తాను.

లిక్విడ్ లైను: ఇక్కడా అదే ఉదారబుద్ధి

లిక్విడ్ లైను 1-1/8 వేశారు. అదీ పెద్దదే. సెకనుకు అర కేజీ లిక్విడ్‌కు 7/8 పైపులో వేగం 1.42 మీటర్లు, సొలినాయిడ్ (కరెంటుతో తెరిచి మూసే వాల్వు) దగ్గర దెబ్బ కొట్టకుండా ఉండాలంటే దాటకూడదనుకునే 1.5కు లోపలే. కండెన్సర్ పైన ఉండటం ఇక్కడ మనకు కలిసొచ్చింది. 15 మీటర్ల లిక్విడ్ స్తంభం బరువే 165 కిలోపాస్కల్స్ ఒత్తిడి ఇస్తుంది, 7/8 పైపు రాపిడి తినేది 55 లోపు. ఫిల్టర్ డ్రయర్, సొలినాయిడ్ కలిపినా ఇంకా మిగులే. కండెన్సర్ కింద, ఎవాపొరేటర్ పైన ఉంటే ఈ లెక్క పూర్తిగా తలకిందులవుతుంది, అది వేరే కథ.

పెద్ద పైపు ఖర్చు రాగిది మాత్రమే కాదు. 46 మీటర్ల 1-1/8 పైపు నిండటానికి 27 కేజీలకు పైగా గ్యాస్ కావాలి, 7/8కి 16 చాలు. రెండు సర్క్యూట్లకు 23 కేజీల గ్యాస్ పైపుల్లో ఊరికే కూర్చుని ఉంటుంది. ఎక్కడైనా లీకైతే పోయేదీ, ఆగినప్పుడు కంప్రెసర్ మీదికి వచ్చేదీ అదే.

అయినా లిక్విడ్ లైను మార్చాలని పట్టుబట్టలేదు. పాత పైపు మంచిదే, జాయింట్లు బాగున్నాయి, దానివల్ల ఏదీ విరగట్లేదు. మార్చిందల్లా టెర్రస్ మీది పరిస్థితి. రిసీవర్ (కండెన్సర్ నుంచి దిగిన లిక్విడ్ నిలిచే ట్యాంకు) ఎండలో నగ్నంగా ఉంది. లైను స్లాబుకు ఆనించి ఉంది. మే నెల మధ్యాహ్నం ఆ స్లాబు మీద చెప్పులు లేకుండా నాలుగడుగులు వేస్తే పైపు కష్టం తెలుస్తుంది. రిసీవర్ నుంచి బయటికొచ్చే లిక్విడ్ దాదాపు మరిగే అంచునే ఉంటుంది. కిందికి దిగి ఒత్తిడి పుంజుకోకముందే, పైన 17 మీటర్లలోనే అది బుడగలు కట్టేది. మధ్యాహ్నం రెండింటికి సైట్ గ్లాసులో (లోపలిది కనిపించే గాజు కిటికీలో) బుడగలు చూసి గ్యాస్ తక్కువైందనుకుని పోసినవాళ్లున్నారు. రికవరీ చేసి తూకం వేస్తే ఉండాల్సినదానికన్నా బాగా ఎక్కువే వచ్చింది. ఎండాకాలంలో హై ప్రెషర్ ట్రిప్పులకు కారణం అదే.

లిక్విడ్ లైనుకు ఇన్సులేషన్ అక్కర్లేదని మనం నేర్చుకున్న మాట నీడలో ఉన్న లైనుకు చెప్పింది. టెర్రస్ మీది భాగాన్ని 19 మి.మీ. నైట్రైల్ గొట్టంతో కప్పి, పైన అల్యూమినియం రేకు చుట్టించి, స్లాబు నుంచి అడుగు ఎత్తులో స్టాండ్ల మీద పెట్టించాను. రిసీవర్ పైన రేకు పందిరి. కండెన్సర్ నుంచి రిసీవర్‌కు దిగే ముక్క మాత్రం 1-1/8 ఉంటే కోసేసి 1-5/8 వేశాం. ఆ ముక్కలో లిక్విడ్ తోసుకుంటూ కాదు, కాలువలో నీళ్లలా వాలు మీద జారాలి, పై సగంలో గ్యాస్ వెనక్కి వెళ్లే దారి ఉండాలి. వేగం 0.4 లోపు ఉంచాం.

పని

ఒక్కో సర్క్యూట్‌కు మూడు రోజులు. డిశ్చార్జ్ పైపు కంప్రెసర్ వాల్వు నుంచి ముందు నేల వైపు దిగి, అడ్డంగా వాలుతో రైజర్ వైపు వెళ్లేలా వంచాం. రైజర్ అడుగున చిన్న ట్రాప్. ట్రాప్ చిన్నదిగా ఉండటం ముఖ్యం, పెద్దదైతే అదే ఆయిల్ దాచుకునే కుండ అవుతుంది. పైన కండెన్సర్ హెడర్ కన్నా ఎత్తుగా తలకిందుల వంపు, దాని తరవాత చెక్ వాల్వు. నిలువులో సగం ఎత్తున ఇంకో ట్రాప్ వేయాలా వద్దా అని మా ఫిట్టర్‌కూ నాకూ వాదన జరిగింది. వేగం సరిపోయిన రైజర్‌కు అది అవసరం లేదని నా ఉద్దేశం. "ఆగినప్పుడు గోడకున్న ఆయిలంతా ఒక్కతాననే పడుతది సార్" అని అతని ఉద్దేశం. రెండో అంతస్తు స్లాబు దగ్గర ఒకటి వేశాం. అతను చెప్పిందే సబబు.

బ్రేజింగ్ చేస్తున్నంతసేపూ పైపులో నైట్రోజన్ సన్నగా పారుతూనే ఉండాలి. పాతవాళ్లు చేయలేదని కోసిన ముక్కలే చెప్పాయి. జాయింట్ లోపల నల్లటి పొర, వేలితో గీస్తే పొలుసుల్లా రాలుతోంది. ఈ గ్యాసుతో వాడే పీఓఈ ఆయిల్ ఆ పొలుసుల్ని ఊడదీసి ఫిల్టర్ దాకా మోసుకెళ్తుంది. మా జాయింట్లలో మొదటిదాన్ని కోసి లోపల చూపించాను. రాగి రాగిలాగే మెరుస్తోంది. ఆ ముక్క ఇప్పటికీ ఆ ఇన్‌ఛార్జి టేబుల్ మీద పేపర్ వెయిట్.

క్లాంపుల గురించి ఒక మాట. 15 మీటర్ల రాగి పైపు 50 డిగ్రీలు వేడెక్కితే 12 నుంచి 13 మి.మీ. సాగుతుంది. పాత రైజర్‌ను ప్రతి అంతస్తులోనూ గట్టిగా బిగించారు. రోజూ సాగి కుంచించుకునే పైపుకు కదలడానికి చోటు లేకపోతే ఎల్బోలే భరించాలి. మేం మధ్యలో ఒక్కచోట గట్టిగా పట్టి, మిగతాచోట్ల రబ్బరు వేసిన క్లాంపుల్లో జారేలా వదిలాం. స్లాబు రంధ్రాల్లో పీవీసీ స్లీవు పెట్టి, సందు సిమెంటుతో కాకుండా సీలెంట్‌తో మూశాం.

తెల్లవారుజామున ఫోను

ప్రెషర్ టెస్టు నైట్రోజన్‌తో 24 బార్ దాకా, కంప్రెసర్‌ను వేరుచేసి. ఆక్సిజన్ సిలిండర్ పక్కనే ఉందని దాంతో ఎక్కించేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. ఆయిల్ తగిలిన పైపులో ఒత్తిడితో ఆక్సిజన్ పెట్టడమంటే బాంబు కట్టడమే. నా సైట్లో ఆ సిలిండర్‌కు టెస్టు హోసు తగిలిస్తే ఆ రోజుతో పని ఆగిపోతుంది.

మధ్యాహ్నం రెండింటికి, నీడలో 38 డిగ్రీలున్నప్పుడు 24 బార్ పెట్టి గేజీ మీద మార్కర్‌తో గీత గీశాం. పొద్దున ఐదున్నరకు ఫోను. "సార్, ఒక బార్ పడిపోయింది. లీకున్నది. జాయింట్లన్నీ చూడాల్నా?" థర్మామీటర్ ఎంత చూపిస్తోందని అడిగాను. 26. గేజీకి గాలి ఒత్తిడి ఒక బార్ కలిపి 25 అనుకుని, కెల్విన్‌లో 299ని (26 డిగ్రీలు) 311తో (38 డిగ్రీలు) భాగించి గుణిస్తే 24, అందులో ఒకటి తీసేస్తే గేజీ మీద 23 ఉండాలి. గేజీ చూపిస్తున్నది 23. "ఎవరూ ఏమీ ముట్టుకోకండి, రెండింటికి మళ్లీ చూడండి" అన్నాను. మధ్యాహ్నం ముల్లు వచ్చి గీత మీద నిలబడింది. ఆ రోజు నుంచి మా టెస్టు షీటులో ప్రెషర్ పక్కన ఉష్ణోగ్రత కాలమ్ ఖాళీగా ఉంటే సంతకం పెట్టను.

వాక్యూమ్ 500 మైక్రాన్ల (పైపులో మిగిలిన ఒత్తిడికి కొలత) దాకా. పాత లైనులో తేమ పీల్చుకునే పీఓఈ తడి ఉంది కనక ఒక్కసారికి దిగలేదు. పంపు ఆపగానే 1,500 దాకా లేచి అక్కడ నిలిచేది. ఆగకుండా పెరుగుతూ పోతే లీకు, ఒకచోట నిలిస్తే తేమ. నైట్రోజన్‌తో వాక్యూమ్ తెంచి మళ్లీ లాగడం మూడుసార్లు చేశాక కుదిరింది.

నా పొరపాటు

ఇక్కడిదాకా చదివి అంతా సాఫీగా జరిగిందనుకోకండి. మొదటి సర్క్యూట్ స్టార్ట్ చేసి ఫుల్ లోడుకు తెచ్చిన నలభై నిమిషాలకు కంప్రెసర్ సైట్ గ్లాసు పూర్తిగా నిండిపోయింది. ఆయిల్ లెవెల్ సగం దగ్గర ఉండాలి. గ్లాసు నిండిందంటే లోపల ఇంకెంతుందో తెలియదు. క్రాంకు ఆయిల్‌లో చిలుకుతున్న చప్పుడు మోటారు శబ్దంలోనే తెలుస్తోంది. వెంటనే ఆపించాను.

తరవాత ఆలోచిస్తే చిన్న లెక్క. రిజిస్టర్ ప్రకారం ఒకటో సర్క్యూట్‌కు ఏడు నెలల్లో 14 లీటర్ల ఆయిల్ పోశారు. పైపుల్లోంచి తీసింది ఐదు లోపు. మిగతాది ఎక్కడుంది? కండెన్సర్ అడుగు హెడర్‌లో, రిసీవర్‌లో, బ్యారెల్‌లో. పగలు లోడు పెరిగినప్పుడు పైదాకా వెళ్లి, దారిలో అక్కడక్కడా నిలిచిపోయినది. కొత్త పైపులూ కొత్త వేగమూ రాగానే అదంతా తిరుగుముఖం పట్టింది. పైపులు కోసినప్పుడే కండెన్సర్ హెడర్, రిసీవర్ అడుగు డ్రెయిన్ చేయించాల్సింది. చేయించలేదు. ఆ పూటంతా లీటరు లీటరుగా తీశాం, మొత్తం ఏడు. రెండో సర్క్యూట్‌కు ముందే డ్రెయిన్ చేశాం. దాని రిజిస్టర్‌లో పోసిన ఆయిలే లేదు కనక అక్కడ ఒక గ్లాసెడు కూడా రాలేదు.

తరవాత

మూడు రాత్రులు నేనే అక్కడ కూర్చున్నాను. ఒకటో కంప్రెసర్ 33 శాతం మీద ఏకబిగిన ఆరు గంటలు నడిచింది. ఆయిల్ లెవెల్ సగం నుంచి ఒక నూలు మందం దిగి, అక్కడే నిలబడింది. ఫుల్ లోడులో కంప్రెసర్ దగ్గరా కండెన్సర్ దగ్గరా రెండు గేజీలు పెట్టి చూస్తే తేడా పావు బార్. లెక్కలో వచ్చిన 24 కిలోపాస్కల్స్ అదే.

డిసెంబరులో ఒక ఫిర్యాదు వచ్చింది, రాత్రి నీళ్ల ఉష్ణోగ్రత ఊగుతోందని. అది పైపులది కాదు. చలికి కండెన్సింగ్ మరీ పడిపోయి లిక్విడ్‌ను బ్యారెల్‌లోకి వదిలే ఎక్స్‌పాన్షన్ వాల్వుకు తగిన ఒత్తిడి అందడం లేదు. కండెన్సర్ ఫ్యాన్లు ఒకదాని తరవాత ఒకటి ఆగేలా ప్రెషర్ స్విచ్చులు సరిచేస్తే పోయింది.

కోసి తీసిన 2-1/8 పైపుని స్క్రాపుకు వేసేముందు యజమాని కాంటా మీద తూయించారు. రెండు సర్క్యూట్లదీ కలిపి 150 కేజీల దాకా వచ్చింది. దాని స్థానంలో మేం వేసింది వంద కేజీల లోపు. బిల్లు మీద సంతకం పెడుతూ, "తక్కువ రాగి వేసి ఎక్కువ తీసుకున్నారే" అని నవ్వారు.

ఇప్పటికి రెండు ఎండాకాలాలు దాటాయి. రిజిస్టర్‌లో నేను గీయించిన కాలమ్ ఒకటుంది: రాత్రి మూడు గంటలకు ఆయిల్ లెవెల్. పోయిన నెల వెళ్లినప్పుడు తిరగేశాను. అన్ని పేజీల్లోనూ ఒకటే రాత, "సగం". ఒకచోట మాత్రం ఆపరేటర్ నిద్రమత్తులో 3 గంటల గడిలో టీ తెచ్చినవాడి బాకీ రాసుకున్నాడు.